ఊరు దాటేముందు బీమా లెక్క

ఐఆర్‌సీటీసీలో రైలు టికెట్ తీసుకునేటప్పుడు, డబ్బు కట్టే పేజీకి కాస్త ముందు ఒక చిన్న ప్రశ్న వస్తుంది. ప్రయాణ బీమా కావాలా, వద్దా? కావాలంటే మనిషికి 45 పైసలు. తత్కాల్ హడావిడిలో ఉన్నవారు ఆ ప్రశ్నను చదవనే చదవరు. చేతికందిన గడి నొక్కేసి ముందుకు పోతారు. ఆ 45 పైసలతో వచ్చే రక్షణ మాత్రం చిన్నది కాదు. రైలు ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా రూ.10 లక్షలు ఇస్తారు. పాక్షిక శాశ్వత వైకల్యానికి రూ.7.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు రూ.2 లక్షల వరకు, భౌతికకాయాన్ని ఇంటికి చేర్చడానికి రూ.10 వేలు.

2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురై 290 మందికి పైగా చనిపోయినప్పుడు ఈ బీమా ప్రశ్న మళ్లీ చర్చకు వచ్చింది. విశాఖ, రాజమండ్రి, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే బండి అది. అందులో జనరల్ బోగీల్లో ఎక్కినవారికి ఈ బీమా తీసుకునే వీలే లేదు. ఆన్‌లైన్‌లో తీసుకున్న ఈ-టికెట్‌కు, అదీ కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ అయితేనే ఇది వర్తిస్తుంది. కౌంటర్ టికెట్‌కు లేదు, వెయిటింగ్ లిస్టుకూ లేదు. ఇంకో మెలిక ఉంది. బీమా తీసుకున్నాక ఫోనుకు బీమా కంపెనీ నుంచి ఒక లింకు వస్తుంది. నామినీ పేరు అందులో నింపాలి. దాన్ని ప్రకటన సందేశం అనుకుని చెరిపేసేవారే ఎక్కువ. నామినీ లేకపోతే డబ్బు రాదని కాదు, వారసత్వ పత్రాలు పట్టుకుని ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

బీమా లేనివారికీ చట్టం కొంత అండగా ఉంది. రైల్వే చట్టం కింద, చెల్లుబాటయ్యే టికెట్ ఉన్న ప్రయాణికుడు రైలు ప్రమాదంలో చనిపోతే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ద్వారా రూ.8 లక్షల పరిహారం అడగవచ్చు. సికింద్రాబాద్‌లో దానికి బెంచి ఉంది. ఈ పరిహారం వేరు, 45 పైసల బీమా వేరు. ఒకటి తీసుకున్నారని రెండోది ఆగదు.

విహారయాత్రకు బీమా అనగానే చాలామంది కొత్త పాలసీ కొనడం గురించే ఆలోచిస్తారు. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో ఇప్పటికే ఏమేం ఉన్నాయో బల్ల మీద పరచి చూసుకోవడం. బ్యాంకు పాస్‌బుక్‌లో మే నెలాఖరున రూ.20 డెబిట్ కనిపిస్తే అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 18 నుంచి 70 ఏళ్లలోపు వారికి ప్రమాద మరణానికి రూ.2 లక్షలు. జూన్ 1 నుంచి మే 31 దాకా ఏడాది లెక్క. ఖాతాలో ఆ రోజు రూ.20 లేకపోతే పాలసీ ఆగిపోతుంది, ఇంట్లోవాళ్లు మాత్రం ఉందనే అనుకుంటూ జూన్‌లో తీర్థయాత్రకు బయలుదేరతారు. ఆఫీసు ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా, క్రెడిట్ కార్డుతో వచ్చే ప్రమాద బీమా, కారు పాలసీ, డెబిట్ కార్డు మీద ఉండే కవర్... ఇవన్నీ ఒకచోట పెడితే ఎక్కడ రెండు పొరలున్నాయో, ఎక్కడ ఒక్కటీ లేదో తెలుస్తుంది. క్రెడిట్ కార్డు వాళ్లు గొప్పగా చెప్పే బీమాలో చాలావరకు విమాన ప్రమాదంలో మరణానికి ఇచ్చేదే. బ్యాంకాక్‌లో అపెండిసైటిస్ వస్తే ఆ కార్డు లాంజ్‌లో కాఫీకి తప్ప పనికిరాదు.

ఖాళీ ఎక్కడుందో తెలిశాక, దాన్ని పూడ్చడానికి ఎంత ఖర్చు పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ ఒక కొలత పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. జేబులోంచి కట్టుకోగలిగిన నష్టానికి బీమా లేకపోయినా ఫరవాలేదు. సూట్‌కేసు పోతే పదో పాతికో వేలు, విమానం ఆలస్యమైతే ఒక రాత్రి హోటలు. ఇల్లు అమ్ముకునేంత నష్టం వచ్చేది రెండు చోట్లే. పరాయి దేశంలో ఆసుపత్రి బిల్లు, మన బండి కింద ఇంకొకరు పడటం. టికెట్ సైట్లు మాత్రం సరిగ్గా తలకిందులుగా అమ్ముతాయి. బ్యాగేజీ ఆలస్యానికి ఇంత, ఫ్లైట్ రద్దుకు ఇంత అని పెద్దక్షరాల్లో, ఆసుపత్రి కవర్ ఎంతో చిన్నక్షరాల్లో.

సొంత కారులో అరకు వెళ్లినా, హంపీ వెళ్లినా ముందు చూడాల్సింది పాలసీ రకం. థర్డ్ పార్టీ బీమా మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. మన కారు వల్ల బయటివారికి జరిగే నష్టానికి అది. ఉత్త థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న కారులో ఉచితంగా కూర్చుని వస్తున్న బావమరిదికీ, పిన్నికీ దెబ్బ తగిలితే ఆ పాలసీ కింద బీమా కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు తీర్పులే ఉన్నాయి. సమగ్ర పాలసీ అయితే కారులో కూర్చున్నవారు కూడా లెక్కలోకి వస్తారు. పాత కారు కదా, థర్డ్ పార్టీ చాల్లే అనుకున్నవారు ఏడుగురిని ఎక్కించుకుని శ్రీశైలం ఘాటు ఎక్కేముందు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలి. నడిపే యజమానికి రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉండాలి. వేరే చోట అంత మొత్తానికి పాలసీ ఉంటే కారుతో కలిపి మళ్లీ తీసుకోనక్కర్లేదు.

వానాకాలం ప్రయాణాల్లో ఇంకో చిక్కు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు వేలాది బళ్లు నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు తీశాక ఆత్రంగా తాళం తిప్పితే ఇంజిన్‌లోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మామూలు సమగ్ర పాలసీ దీన్ని వరద నష్టంగా ఒప్పుకోదు. యజమాని చేతులారా చేసుకున్నదంటుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉన్నవారికే ఆ బిల్లులో ఊరట. ఆ కవర్ ఉన్నా లేకున్నా, మునిగిన కారును స్టార్ట్ చేయకుండా టో చేయించడమే మంచిది.

కారు అద్దెకు మాట్లాడుకున్నప్పుడు నంబరు ప్లేటు చూడటం ఒక్క నిమిషం పని. టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్లక్షరాలు. గోవాలో మనమే నడుపుకోవడానికి ఇచ్చే బళ్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు బండి అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండి. తెలిసినాయనదే సార్, చవకగా వస్తుందని డ్రైవరు ఎంత చెప్పినా, కిరాయికి తిప్పుతున్నట్టు తేలితే బండి నష్టానికి బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. ప్రయాణికుల పరిహారం కోర్టు వివాదంలో చిక్కుకుంటుంది.

దేశం లోపల తిరిగేవారికి ఆసుపత్రి విషయంలో కొత్త పాలసీ అవసరం అరుదు. ఆరోగ్య బీమా గుంటూరులో తీసుకున్నా గౌహతిలో పనిచేస్తుంది. 2024 జనవరి నుంచి బీమా కంపెనీల మండలి ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ పద్ధతి తెచ్చింది. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ అడగవచ్చు. అత్యవసరంగా చేరితే 48 గంటల్లో కంపెనీకి తెలియజేయాలి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు రూ.5 లక్షల దాకా పనికొస్తుంది. కాశీ వెళ్లే తాతయ్య సంచిలో అది ఉండాలి. వెళ్లే ఊళ్లో ఆ కార్డు చెల్లే ఆసుపత్రి ఏదో ముందే చూసి రాసుకుంటే అర్ధరాత్రి వెతుకులాట తప్పుతుంది.

ఇక నేపాల్. తెలుగు యాత్రికులు విదేశమని గుర్తించని విదేశం అదే. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి సునౌలి సరిహద్దు, ఓటరు కార్డు చూపిస్తే చాలు, పాస్‌పోర్టు అక్కర్లేదు. పశుపతినాథుడి దర్శనం, ఓపిక ఉంటే ముక్తినాథ్. కానీ ఇక్కడి ఆరోగ్య బీమాలో ‘భౌగోళిక పరిధి: భారతదేశం’ అని ఒక లైను ఉంటుంది. సునౌలి గేటు దాటగానే ఆ పాలసీ ఆగిపోతుంది. ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైన ఉంది. ఆ ఎత్తులో ఊపిరాడక ఇబ్బంది పడే పెద్దవాళ్లు తక్కువేమీ కాదు. అక్కడి నుంచి హెలికాప్టర్‌లో దించాలంటే బిల్లు డాలర్లలో, వేలల్లో ఉంటుంది. నేపాల్ వెళ్లేవారు విదేశీ ప్రయాణ పాలసీయే తీసుకోవాలి. అందులో ఎత్తు పరిమితి ఎంతో చూడాలి. మామూలు పాలసీలు చాలావరకు ఎత్తైన ప్రాంతాల ట్రెక్కింగ్‌ను మినహాయిస్తాయి. 5,364 మీటర్ల ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు వెళ్లే కుర్రాళ్లకైతే 6,000 మీటర్ల దాకా వర్తించే అదనపు కవర్ ఉండాలి. అవసరం లేకపోయినా హెలికాప్టర్ ఎక్కించి బీమా కంపెనీలకు బిల్లులు వేసిన ముఠాల గుట్టు 2018లో నేపాల్ ప్రభుత్వ విచారణలోనే బయటపడింది. అప్పటి నుంచి బీమా కంపెనీలు ముందుగా తమ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి అనుమతి తీసుకోమని గట్టిగా అడుగుతున్నాయి. ఆ నంబరు ఫోనులోనే కాక కాగితం మీద కూడా ఉండాలి. కొండ మీద చార్జింగ్ ఉండదు.

తెలుగిళ్లలో ప్రయాణ బీమా అసలు కథ అమెరికాది. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న కొడుకో కూతురో అమ్మానాన్నలను పిలిపించుకుంటారు. పురుడనో, గృహప్రవేశమనో, ఊరికే చూసిపోవడానికనో వచ్చి ఆరు నెలల దాకా ఉంటారు. అమెరికా విజిటర్ వీసాకు బీమా తప్పనిసరి కాదు. అందుకే ‘ఏమవుతుందిలే’ అనుకునే ఇళ్లూ ఉన్నాయి. అక్కడ ఎమర్జెన్సీ గదిలో అడుగుపెట్టి రెండు పరీక్షలు చేయించుకుని వచ్చేసినా బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. గుండెకు స్టెంట్ పడితే ఆ లెక్క హైదరాబాద్‌లో ఫ్లాటు ధరతో పోల్చుకోవాల్సిందే. 1986 నాటి చట్టం ప్రకారం, డబ్బున్నా లేకున్నా అత్యవసర రోగి పరిస్థితి కుదుటపడేలా చూడటం అక్కడి ఆసుపత్రుల బాధ్యత. వైద్యం ఆపరు, బిల్లు కూడా ఆపరు.

పాలసీ ఫారం నింపే సమయం చూడండి. కొడుకు వీడియో కాల్‌లో ఉంటాడు, తల్లి వంటింట్లో.

“అమ్మా, షుగర్ ఉందా అని అడుగుతున్నాడు. ఏం పెట్టను?”

“ఎంత షుగర్ నాన్నా, బోర్డర్‌లోనేగా. పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటున్నానంతే. లేదని పెట్టు, ఉందంటే ప్రీమియం పెంచుతారేమో.”

లేదని పెడతాడు. మూడు నెలల తర్వాత ఆమెను ఆసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరు మొదటి ప్రశ్న పాత జబ్బుల గురించే. ఆమె నిజమే చెబుతుంది. ‘8 ఏళ్లుగా మధుమేహం’ అని కేస్ షీటులో పడుతుంది. క్లెయిమ్ ఆఫీసరు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుంటాడు. ఆమె చేరింది కాలు జారి ఎముక విరిగినందుకే అయినా, వివరాలు దాచారన్న కారణం కంపెనీ చేతికి దొరికినట్టే. ప్రీమియంలో మిగిలేది కొద్ది వేలు. ఉన్నది ఉన్నట్టు రాసి, ముందున్న జబ్బు వల్ల ప్రాణం మీదికి వచ్చిన స్థితికి ఎంత వరకు ఇస్తారో ఈమెయిల్‌లో అడిగి, ఆ జవాబు దాచుకోవడం తెలివైన పని.

అమెరికా కంపెనీలు అమ్మే విజిటర్ పాలసీల్లో చాలావాటి ఫారం ఈ ప్రశ్నలే అడగదు. ఎంత సుఖం అనిపిస్తుంది. అడగాల్సినవన్నీ క్లెయిమ్ వచ్చాక, ఇండియాలో చూసిన డాక్టర్ల రికార్డులు తెప్పించుకుని అడుగుతాయి. వాటిలో ‘అక్యూట్ ఆన్‌సెట్’ అన్న మాట దగ్గర ఆగి చదవాలి. పాత జబ్బు ఏ సూచనా లేకుండా హఠాత్తుగా ముదిరి, 24 గంటల్లో వైద్యం తీసుకుంటే ఇస్తామని దాని అర్థం. అదీ ఒక వయసు దాకానే. నెలనెలా వేసుకునే మందులు, డయాలసిస్, ‘ఎలాగూ వచ్చాం కదా’ అని చేయించుకునే చెకప్ ఇందులోకి రావు. పాలసీ రకాల్లోనూ పెద్ద తేడా ఉంది. చవకగా వచ్చే ‘ఫిక్స్‌డ్ బెనిఫిట్’ పాలసీ ఆసుపత్రి గదికి రోజుకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత అని ముందే గీత గీస్తుంది. గీత దాటినదంతా కొడుకు జీతంలోంచే. ‘కాంప్రహెన్సివ్’ పాలసీలో మొదటి కొంత మొత్తం, అంటే డిడక్టిబుల్, మనం కట్టుకుంటే మిగతాదానిలో ఎక్కువ భాగం కంపెనీ చూసుకుంటుంది. 60 దాటినవారికి మన దేశపు పాలసీల్లోనూ చాలావాటిలో ఇలాంటి ఉప పరిమితులే ఉంటాయి. పైన లక్ష డాలర్లని రాసి ఉన్నా, లోపలి పట్టికలో ఒక్కో ఆపరేషన్‌కు ఎంతో చూస్తేగాని అసలు సంగతి తెలియదు. మన దేశపు పాలసీని విమానం ఎక్కకముందే తీసుకోవాలి. అక్కడి పాలసీలు చాలావరకు దిగాక కూడా దొరుకుతాయి.

మరణం మాట ఎత్తడానికి ఇళ్లలో ఇష్టపడరు. కానీ భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు ఎవరు భరిస్తారన్న లైను పాలసీలో ఉందో లేదో చూడక తప్పదు. విదేశంలో ఎవరైనా పోయినప్పుడు క్రౌడ్ ఫండింగ్ పేజీలు తెరుచుకోవడం, అమెరికా తెలుగు సంఘం తానా వారి ‘టీమ్ స్క్వేర్’ లాంటి స్వచ్ఛంద బృందాలు పరుగులు తీయడం తెలుగువాళ్లు తరచూ చూస్తున్నదే. బీమాలో ఆ లైను ఉంటే కుటుంబం ఆ స్థితిలో చెయ్యి చాచాల్సిన పని ఉండదు.

యూరప్‌తో ఇంత తలనొప్పి లేదు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య కవర్, స్వదేశానికి చేర్చే ఖర్చుతో కలిపి, తప్పనిసరి. ఆ పాలసీ లేకపోతే వీసాయే రాదు. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద వెళ్లినవారికి అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ ఉచితమనుకోవడం పొరపాటు. ఆసుపత్రిలో చేర్చుకుంటే మామూలు రేటుకు 150 శాతం వసూలు చేస్తారు.

కుర్రాళ్ల గొడవ వేరు. థాయ్‌లాండ్, బాలి, వియత్నాం... దిగగానే స్కూటర్ అద్దెకు. అక్కడ చెల్లే లైసెన్సు లేకుండా నడిపి పడితే ఆసుపత్రి క్లెయిమ్ కూడా పోయినట్టే. మన ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి ఒప్పందం కిందిది. వియత్నాం 1968 ఒప్పందాన్ని మాత్రమే గుర్తిస్తుంది. అంటే హైదరాబాద్‌లో పర్మిట్ తీసుకుని వెళ్లినా, హా జాంగ్ ఘాట్ రోడ్లలో పెద్ద బైకు ఎక్కితే చట్టం లెక్కలో లైసెన్సు లేనట్టే. మందు తాగి పడినా అంతే. స్కూబా, పారాగ్లైడింగ్ లాంటివి మామూలు పాలసీలో ఉండవు. సాహస క్రీడల కవర్ విడిగా అడగాలి.

సామాను, రద్దుల గురించి తక్కువ చెప్పినా చాలు. అంతర్జాతీయ విమానంలో సామాను పోతే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విమానయాన సంస్థే 1,519 ఎస్‌డీఆర్‌ల దాకా బాధ్యత వహించాలి. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కకట్టే ఒక ద్రవ్య ప్రమాణం. బెల్టు దగ్గరే పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించుకోవాలి. పెట్టె పగిలితే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రద్దు కవర్‌లో కారణాల జాబితా ఉంటుంది. ప్రయాణికుడికో దగ్గరి బంధువుకో జబ్బు చేయడం అందులో ఉంటుంది, బాస్ సెలవు ఇవ్వకపోవడం ఉండదు. 2023 మే 3న గో ఫస్ట్ విమానాలు ఆగిపోయినప్పుడు చాలామందికి ఇంకోటి తెలిసొచ్చింది. విమానయాన సంస్థ దివాలాను చాలా పాలసీలు మినహాయిస్తాయి. తుపానుకు పేరు పెట్టేశాక పాలసీ కొన్నా లాభం లేదు. మిగ్‌జాం 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేముందు రోజు కొన్న పాలసీకి, ఆ తుపాను ‘తెలిసిన సంఘటన’ కిందే లెక్క.

తాళం వేసిన ఇంటిని కూడా ఈ లెక్కలో కలపాలి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ అగ్నిప్రమాదం, వరద లాంటివాటికి. మామూలు దొంగతనానికి బర్గ్లరీ కవర్ వేరే తీసుకోవాలి. ఇల్లు 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే చాలా బర్గ్లరీ పాలసీలు ముందే తెలియజేయాలంటాయి. ఆరు నెలలు అమెరికా వెళ్లే దంపతులకు ఇది సూటిగా తగిలే నిబంధన.

క్లెయిమ్ విషయంలో కంపెనీ మొండికేస్తే ముందు దాని ఫిర్యాదుల అధికారికి, తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’ పోర్టల్‌కు రాయవచ్చు. 155255కి ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే బీమా వివాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. హైదరాబాద్ కార్యాలయం పరిధిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం ఉన్నాయి. రూ.50 లక్షల దాకా వివాదాలు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోగా వెళ్లాలి. కంపెనీ 30 రోజులు జవాబివ్వకపోయినా వెళ్లవచ్చు. పాలసీ కాపీ, తిరస్కరణ లేఖ, ఆసుపత్రి కాగితాలు, ఫారం నింపేటప్పుడు కంపెనీతో నడిచిన ఈమెయిళ్లు జత చేయాలి.